మౌంటెన్ యూనిసైకిల్ మీద గెంతడం: ఎత్తు తర్వాత, మొదట చక్రం కాళ్ల కిందికి రావాలి

కొండదారుల్లో తొక్కే ఒంటిచక్రపు బండి, మౌంటెన్ యూనిసైకిల్ మీద గెంతడం అనగానే చాలామందికి గుర్తొచ్చేది, ఎవరో ఒంటి చక్రం మీద నిలబడి నడుమెత్తు బండ మీదికి ఒక్క ఊపులో ఎగిరే వీడియో. దాంతో నేర్చుకోవాలనుకునేవాళ్లు కూడా మొదటి నుంచే ఎత్తు కొలుచుకోవడం మొదలుపెడతారు. ఒక ఇటుక పెట్టి దాటడం, దాటితే రెండోది పెట్టడం. చాలామంది రెండో ఇటుక దగ్గరే ఆగిపోయి, కాళ్లలో బలం చాలట్లేదేమో అనుకుంటారు. బలం సమస్య కానే కాదు. ఒకే చోట నిలబడి, అటూ ఇటూ పడిపోకుండా, నేలకి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో హాయిగా గెంతుతూ ఉండటం రాకముందే ఎత్తు మీద పడటం వల్ల వచ్చే చిక్కు ఇది.

కొండదారిలో నిజంగా పనికొచ్చే గెంతుల్లో ఎక్కువ భాగం అలా చిన్నవే. ముందు వేర్లు అల్లుకుపోయి ఉన్నాయి, ఏ పక్క నుంచి పోవాలో తేల్చుకోవడానికి ఒక్క క్షణం ఆగాలి. లేదా చక్రం రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంది, దాన్ని ఒక జానెడు పక్కకి జరపాలి. లేదా మలుపు మరీ ఇరుకు, ఉన్నచోటే తిరిగి దిశ మార్చుకోవాలి. వీటన్నిటికీ ఎత్తుతో పనిలేదు, ఎక్కడ దిగుతున్నామన్నదే పని.

అసలు గెంతాల్సిన అవసరం ఎందుకొస్తుందో ముందు చూద్దాం. మామూలు యూనిసైకిల్‌లో క్రాంకులు, అంటే పెడల్స్‌ని పట్టి ఉంచే కడ్డీలు, నేరుగా చక్రం నడిమి భాగమైన హబ్‌కే బిగించి ఉంటాయి, మధ్యలో చైనూ లేదు, పెడల్స్ ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీలూ లేదు. చక్రం తిరిగితే పెడల్స్ తిరగాల్సిందే, పెడల్స్ ఆగితే చక్రం ఆగాల్సిందే. సాఫీ నేల మీద ఆగాలంటే చక్రాన్ని అర చుట్టు ముందుకీ అర చుట్టు వెనక్కీ ఊపుతూ నిలబడొచ్చు, దాన్ని ఐడ్లింగ్ అంటారు. కానీ రాళ్లూ వేర్లూ ఉన్న చోట చక్రం వెనక్కి దొర్లడానికి జాగా ఎక్కడుంది? ముందు ఒక రాయి, వెనక ఒక వేరు. అక్కడ నిలబడాలంటే ఉన్నచోటే గెంతడం ఒక్కటే దారి. కాబట్టి కొండ మీద గెంతు అంటే ముందుగా ఆగడానికి ఒక పద్ధతి, ఎగరడం ఆ తర్వాతి సంగతి.

ఇక గెంతేటప్పుడు పెడల్స్ నేలకి సమాంతరంగా ఉండాలి, గడియారంలో మూడు, తొమ్మిది అంకెల్లాగా. ఎందుకంటే ముందున్న పెడల్‌ని తొక్కితే చక్రం ముందుకి కదలాలని చూస్తుంది, వెనకున్న దాన్ని తొక్కితే వెనక్కి కదలాలని చూస్తుంది, రెండు పాదాల మీదా సమానంగా బరువుంటే ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. చక్రం కదలదు. పెడల్స్ పైకీ కిందికీ నిలువుగా ఉంటే ఈ లెక్కే ఉండదు, మొత్తం బరువు కింది పాదం మీదే పడుతుంది, చక్రాన్ని ఆపడానికి పట్టు దొరకదు, అది ఎటు పోతే అటు పోవాల్సిందే. సమాంతరంగా పెట్టాక కూడా బండి ముందుకి జారిపోతోందంటే ముందు పాదం మీద బరువు ఎక్కువైందని అర్థం, వెనక్కి పోతోందంటే వెనక పాదం మీద. కొందరు ఈ ఇబ్బంది తప్పించుకోవడానికి బ్రేక్ నొక్కిపెట్టి గెంతుతారు. మొదట్లో అది సులువుగానే అనిపిస్తుంది కానీ, అలా అలవాటైతే పాదాల మధ్య బరువు పంచుకోవడం ఎప్పటికీ ఒంటబట్టదు. నేర్చుకునేటప్పుడు బ్రేక్ జోలికి పోకపోవడమే మేలు.

నిలబడే తీరు గురించి కూడా కొంచెం చెప్పుకోవాలి. సీటు మీద కూర్చుని గెంతడం కుదరదు, కూర్చుంటే బండి లేచినప్పుడల్లా సీటు కింద నుంచి గుద్దుతుంది. పిరుదులు సీటు నుంచి కొంచెం పైకి లేపి, మోకాళ్లు కాస్త వంచి, సీటుని తొడల మధ్య వదులుగా పట్టి, ఒక చేత్తో సీటు ముందున్న హ్యాండిల్ పట్టుకోవాలి. రెండో చేయి గాల్లో ఉంటుంది, బ్యాలెన్స్ కోసం. పాదాలు పెడల్స్‌కి కట్టేసి ఉండవు కాబట్టి మనం ఎగిరితే బండి కిందే ఉండిపోతుంది. దాన్ని మనతోపాటు తీసుకొచ్చేది ఆ హ్యాండిల్ మీదున్న చెయ్యే.

మొదటి గెంతులకి గోడో, స్తంభమో, కంచో పక్కన ఉంటే చాలు. దానికి అరచేయి ఆనిస్తే బరువంతా అటే పోతుంది, పదిసార్లు గెంతినా బ్యాలెన్స్ గురించి ఏమీ తెలియదు. వేళ్ల కొసలు మాత్రమే తాకించాలి. బండెక్కి, పెడల్స్ సమాంతరంగా పెట్టి, వేళ్లు గోడకి తాకించి, ముందు ఊరికే టైరుని కిందికి నొక్కుతూ వదులుతూ ఉండాలి. చక్రం నేల వదలక్కర్లేదు. కాసేపటికి టైరుకి తనదైన ఒక లయ ఉందని తెలుస్తుంది. నొక్కితే ఇంతసేపటికి తిరిగి పైకి తోస్తుంది అన్నది కాళ్లకి తెలిసిపోతుంది. ఆ తోపు అందుకున్నప్పుడు హ్యాండిల్‌ని కొంచెం పైకి తీసుకుంటే చక్రం నేల వదులుతుంది, పెద్దగా కష్టపడకుండానే. ఆ లయ కన్నా తొందరపడితే టైరు ఇంకా కిందికి నలుగుతుండగానే మనం పైకి లేవాలని చూస్తాం, కష్టమంతా కాళ్ల మీద పడుతుంది. కొత్తవాళ్లు అరనిమిషంలో రొప్పడం మొదలుపెట్టేది ఇందుకే.

వేళ్లు గోడ నుంచి తీసేశాక అసలు పాఠం మొదలవుతుంది. మనిషి పక్కకి ఒరిగితే సహజంగా చేసే పని, చేతులు విసిరి ఒంటిని నిటారుగా లాక్కోవాలని చూడటం. యూనిసైకిల్ మీద దాని వల్ల పెద్దగా లాభం ఉండదు. ఒళ్లు కుడికి ఒరిగిందా, తర్వాతి గెంతులో చక్రాన్ని కుడికి తీసుకెళ్లి ఒంటి కింద పెట్టాలి. ముందుకి ఒరిగితే చక్రం ముందుకి రావాలి. అరచేతి మీద కర్రని నిలబెట్టే ఆటలో కర్ర ఎటు ఒరిగితే అరచేయి అటు కదులుతుంది చూడండి, ఇక్కడ ఆ అరచేయి పని చక్రం చేస్తుంది. కాకపోతే చక్రం నేల మీద ఉన్నంతసేపూ పక్కకి కదలలేదు, గాల్లో ఉన్న ఆ చిన్న క్షణంలోనే సవరించుకోవాలి. అందుకే చిన్నగా, వెంటవెంటనే గెంతేవాళ్లకి బ్యాలెన్స్ తొందరగా వస్తుంది, సవరించుకునే అవకాశాలు వాళ్లకి ఎక్కువ. పెద్ద గెంతులు వేసేవాళ్లు ఒక్కో గెంతుకీ ఎక్కువసేపు గాల్లో ఉంటారు, ఈలోపు ఒరుగుడు పెరిగిపోతుంది. ఎత్తు మీద పడొద్దనడానికి ఇంతకన్నా పెద్ద కారణం లేదు.

టైరులో గాలి సంగతి చాలామంది పట్టించుకోరు కానీ సగం ఇబ్బందులు అక్కడే ఉంటాయి. మౌంటెన్ యూనిసైకిల్‌కి లావు టైర్లు వేస్తారు. ఇప్పుడు 26, 27.5, 29 అంగుళాల చక్రాలు బాగా వాడకంలోకి వచ్చినా, గెంతడానికి ఇష్టపడేవాళ్లు చాలాకాలం 24 అంగుళాల రిమ్ మీద 3 అంగుళాల టైరునే నమ్ముకున్నారు. ఆ లావు టైరులో గాలి తక్కువగా ఉంటేనే అది స్ప్రింగులా పనిచేస్తుంది. గట్టిగా కొట్టిస్తే రాయి మీద దిగిన ప్రతిసారీ చక్రం ఎగిరి పక్కకి పోతుంది, మరీ తగ్గిస్తే రిమ్ నేలకి తగులుతుంది, పక్కకి గెంతి దిగినప్పుడు టైరు మడతపడిపోతుంది, రోడ్డు మీద పోతున్నప్పుడు బండి తనంతట తానే ఒక పక్కకి లాగుతుంది. మనిషి బరువుని బట్టి మారుతుంది కాబట్టి అందరికీ కలిపి ఒక అంకె చెప్పడం కుదరదు. తేల్చుకునే పద్ధతి తేలిక: ఉన్నచోటే గట్టిగా గెంతుతూ కొంచెం కొంచెంగా గాలి తీస్తూ పోవాలి, రిమ్ నేలకి తగిలిన చప్పుడు మొదటిసారి వినిపించగానే ఆపి, మళ్లీ కాస్త కొట్టాలి. పక్కకి గెంతడం మొదలుపెట్టాక ఇంకొంచెం కావాల్సి రావచ్చు. రిమ్ వెడల్పుగా ఉంటే టైరు అంచులకి ఆసరా బాగుంటుంది, మడతపడటం తగ్గుతుంది, అందుకే ఈ బండ్లకి రిమ్‌లు కూడా వెడల్పువే వాడతారు.

ఉన్నచోట ఓ పాతిక గెంతులు వస్తున్నాయంటే, ఇక తొక్కుతూ వచ్చి ఆగి గెంతడం, గెంతుతూ ఉండి మళ్లీ తొక్కుతూ వెళ్లిపోవడం నేర్చుకోవాలి. మొదటిదాన్ని అందరూ సాధన చేస్తారు. రెండోదాన్ని వదిలేస్తారు, ఎందుకంటే గెంతాక దిగిపోవడం అలవాటైపోతుంది. కొండదారిలో అది కుదరదు, గెంతు అయ్యాక ముందుకి పోవాలి కదా. ఆఖరి గెంతులో ఒంటిని కావాలనే కొంచెం ముందుకి ఒరగనిచ్చి, దిగగానే ముందు పాదాన్ని తొక్కాలి. ఒరగకుండా తొక్కితే చక్రం ముందుకి పోయి మనిషి వెనక్కి పడతాడు. తొక్కకుండా ఒరిగితే ముందుకి పడతాడు. ఈ రెండూ కలిసే క్షణం పట్టుబడటానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ రోజులు దీనికి ఇవ్వాల్సిందే.

ఇక్కడ ఫిక్స్‌డ్ హబ్, అంటే క్రాంకులు నేరుగా బిగించిన ఆ హబ్, పెట్టే మెలిక ఒకటుంది. ప్రతి రైడర్‌కీ గెంతేటప్పుడు ఒక పాదం ముందుండటం అలవాటు, కుడో ఎడమో. 24 అంగుళాల రిమ్‌కి 3 అంగుళాల టైరు వేస్తే చక్రం మొత్తం వ్యాసం దాదాపు 66 సెంటీమీటర్లు అవుతుంది, అంటే ఒక చుట్టుకి బండి రెండు మీటర్ల పైన పోతుంది. పెడల్స్ సమాంతరంగా వచ్చేది చుట్టుకి రెండుసార్లు, కానీ మనకి అలవాటైన పాదం ముందుండేది ఒక్కసారే. అంటే తొక్కుతూ వస్తూ ఒక వేరు ముందు గెంతాలంటే సరైన చోటు రెండు మీటర్లకి ఒకసారే వస్తుంది. మామూలు సైకిల్‌లో అయితే పెడల్స్ ఆపేసి ఉంచుకోవచ్చు, వెనక్కి తిప్పి సరిచేసుకోవచ్చు, ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. 29 అంగుళాల చక్రంతో ఈ దూరం ఇంకా పెరుగుతుంది. దీనికి మార్గాలు మూడు. దూరం నుంచే చూసుకుని కొంచెం వంకరగా తొక్కి దూరాన్ని సర్దుకోవచ్చు. అడ్డం ముందు ఆగి ఒకటి రెండు చిన్న గెంతులతో చోటు సరిచేసుకోవచ్చు. లేదా రెండో పాదం ముందు పెట్టి కూడా గెంతడం నేర్చుకోవచ్చు, అప్పుడు అవకాశం మీటరుకి ఒకసారి వస్తుంది. మూడోది కష్టం, కానీ కొండల్లో తిరగాలనుకునేవాళ్లకి ఎక్కువ కాలం పనికొచ్చేది అదే.

ఇప్పుడు ఎత్తు గురించి మాట్లాడుకోవచ్చు, దీని మీద అపోహలు చాలా ఉన్నాయి. హ్యాండిల్‌ని ఎంత బలంగా పైకి లాగితే అంత ఎత్తు లేస్తామని అనిపిస్తుంది. లేవం. లాగే చేయి మనదే, తొక్కుతున్న కాళ్లూ మనవే, రెండూ ఉన్నది ఒకే బండి మీద. చేత్తో ఎంత పైకి లాగితే కాళ్లు పెడల్స్‌ని అంత కిందికి తోస్తాయి, లెక్క సరిపోతుంది. మనిషినీ బండినీ కలిపి పైకి లేపేది నేల మాత్రమే, అది కూడా మనం వంచిన మోకాళ్లని ఒక్కసారిగా చాపి నేలని తొక్కినప్పుడు. చేతి పని ఆ తర్వాత మొదలవుతుంది: ఒళ్లు పైకి లేచాక బండిని ఒంటి దగ్గరికి లాక్కోవడం. ఉదాహరణకి కాళ్ల బలంతో నడుము 30 సెంటీమీటర్లు లేచిందనుకుందాం, గాల్లో మోకాళ్లు ముడిచి బండిని ఇంకో 20 సెంటీమీటర్లు దగ్గరికి తీసుకుంటే చక్రం నేలకి 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కాళ్లు చాపకముందే చెయ్యి లాగితే మాత్రం ఒళ్లు వంగిపోయి, కాళ్లు పూర్తిగా చాచుకోలేక, ఉన్న ఎత్తు కూడా పోతుంది. ఎత్తు రాని వాళ్ల వీడియోలు నెమ్మదిగా నడిపి చూస్తే చాలామందిలో కనిపించే తప్పు ఇదేనని ధైర్యంగా చెప్పొచ్చు. ముందు కాళ్లు, తర్వాత చెయ్యి, ఆఖరున మోకాళ్లు ముడవడం.

సీటు ఎత్తు ఎందుకంత ముఖ్యమో కూడా ఇక్కడే తెలుస్తుంది. సీటు తొడల మధ్యే ఉంచి గెంతితే బండిని పైకి లాక్కోగలిగేది సీటు ఒంటికి తగిలేంతవరకే. కాళ్లు పూర్తిగా చాచి నిలబడినప్పుడు సీటుకీ ఒంటికీ మధ్య ఎంత ఖాళీ ఉందో అంతే లాక్కోగలం. రోడ్డు మీద హాయిగా తొక్కడానికి సరిపోయే ఎత్తులో సీటు ఉంటే ఆ ఖాళీ దాదాపు ఉండదు. అందుకే కొండదారి రైడర్లు సీటుని కొన్ని సెంటీమీటర్లు దించుకుంటారు. దించితే తొక్కేటప్పుడు తొడలు తొందరగా నొప్పెడతాయి, అది భరించాల్సిందే. పోటీల్లో బాగా ఎత్తు ఎగిరేవాళ్లు సీటుని పూర్తిగా కాళ్ల మధ్య నుంచి తీసి ముందుకి పట్టుకుంటారు, అప్పుడు దాన్ని ఛాతీ దాకా లాక్కోవచ్చు, చక్రం చాలా పైకి వస్తుంది. చూడటానికి బాగుంటుంది, బండల మీద నుంచి బండల మీదికి గెంతే ట్రయల్స్ పోటీలకి కావాలి కూడా. కానీ దారి మధ్యలో సీటు బయటికి తీసి, గెంతి, మళ్లీ లోపలికి పెట్టుకోవడం కన్నా సీటు లోపలే ఉంచి పని కానిచ్చుకోవడం మంచిది. కొండదారిలో ఎదురయ్యే మెట్లలో చాలావాటికి ఆ ఎత్తు చాలు.

ఎత్తుకి ఇంకో సాయం ముందు గెంతు. పెద్ద గెంతుకి సరిగ్గా ముందు ఒక చిన్న గెంతు వేసి, అది దిగేటప్పుడు టైరు నలిగి తిరిగి తోసే ఊపుని పెద్ద గెంతుకి వాడుకోవడం. ఒకచోట నిలబడి గెంతే లయ బాగా వచ్చినవాళ్లకి ఇది వేరే నేర్పక్కర్లేదు, ఆ లయలోనే ఒక గెంతుని గట్టిగా వేస్తే సరిపోతుంది.

అడ్డం ఎక్కడానికి ముందుకి గెంతడం కన్నా పక్కకి గెంతడం తేలిక. అడ్డాన్ని ఎడమకో కుడికో పెట్టుకుని, చక్రాన్ని దాని అంచుకి సమాంతరంగా ఉంచి, పక్కకి ఎగరాలి. ముందుకి గెంతేటప్పుడు పొడవైన చక్రం మొత్తం అడ్డం మీదికి రావాలి, పక్కకి అయితే టైరు వెడల్పు నిలబడేంత చోటుంటే చాలు. కొత్తవాళ్లు చేసేది ఏంటంటే ఒంటిని ఉన్నచోటే ఉంచి చక్రాన్ని మాత్రం పక్కకి విసురుతారు. చక్రం మెట్టు ఎక్కుతుంది, మనిషి మాత్రం ఇవతలే ఉంటాడు, మళ్లీ ఇవతలికే పడతాడు. ముందు ఒళ్లు అటు ఒరగాలి, పడిపోతున్నామేమో అనిపించేంతగా, అప్పుడు ఎగరాలి. చూపు దిగాల్సిన చోటు మీద ఉండాలి, చక్రం మీద కాదు. ఇంకో చిన్న సంగతి: పెడల్స్ సమాంతరంగా ఉన్నప్పుడు అవి ఇరుసు ఎత్తులో ఉంటాయి, పెద్ద చక్రానికి అది నేల నుంచి 30 సెంటీమీటర్ల పైమాటే, టైరుకి రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చి కూడా ఉంటాయి. చిన్న మెట్టుకి దీంతో ఇబ్బంది లేదు, పెడల్ దాని పైనుంచే పోతుంది. ఎత్తయిన బండ పక్కన మరీ దగ్గరగా నిలబడితే మాత్రం చక్రం లేవకముందే పెడల్ అంచుకి తగులుతుంది, కాబట్టి కాస్త దూరం జరిగి నిలబడాలి, ఆ మేరకి పక్కకి ఇంకొంచెం ఎక్కువ పోవాలి. ట్రయల్స్ వాళ్లు దీన్నే తిరగేసి వాడుకుంటారు. టైరు అందని ఎత్తు అయితే మొదటి గెంతులో పెడల్‌ని అంచు మీద దింపి, అక్కడ క్షణం నిలదొక్కుకుని, రెండో గెంతులో టైరు మీదికి వస్తారు.

తొక్కుతూ తొక్కుతూ ఆగకుండా ఎగరడం వీటన్నిటికన్నా అందంగా ఉంటుంది. వేగం మనల్ని ముందుకి తీసుకెళ్తుంది కాబట్టి కాళ్లు పైకి లేపడం మీద దృష్టి పెడితే చాలు, అడ్డాన్ని దాటి దిగి అలాగే వెళ్లిపోవచ్చు. కష్టమంతా పైన చెప్పిన రెండు మీటర్ల లెక్కలోనే ఉంది. నేల మీద గీత గీసి, చాలా దూరం నుంచి తొక్కుతూ వచ్చి, సరిగ్గా గీత ముందు అలవాటైన పాదం ముందుకొచ్చేలా చూసుకోవడం, ఎగరకపోయినా సరే, ఇదొక్కటే కొన్ని రోజులు చేస్తే మిగతాది దానంతటదే దారిలో పడుతుంది. గీత తర్వాత పుల్ల, పుల్ల తర్వాత చెక్క. ఇటుకలు ఆ తర్వాత.

ఎక్కడం కన్నా దిగడం సులువనిపిస్తుంది, దెబ్బలు ఎక్కువ తగిలేది మాత్రం దిగేటప్పుడే. అర మీటరు ఎత్తు నుంచి దిగితే నేలని తాకే వేగం సెకనుకి మూడు మీటర్ల పైనే ఉంటుంది. ఆ వేగాన్ని 10 సెంటీమీటర్లలో ఆపితే, అంటే కాళ్లు బిగబట్టి దిగితే, ఒంటి మీద పడే సగటు బలం మన బరువుకి ఆరు రెట్లు. అదే మోకాళ్లూ నడుమూ వంచుతూ 40 సెంటీమీటర్లలో ఆపితే రెండుంపావు రెట్లే. బండీ అదే, ఎత్తూ అదే, తేడా మొత్తం మోకాళ్లలో ఉంది. దీనికి తోడు దిగగానే ఉన్నచోటే నిలబడాలని చూడకుండా చక్రాన్ని కొంచెం ముందుకి దొర్లనివ్వాలి, కుదుపులో కొంత అలా కూడా పోతుంది. పెడల్స్ మాత్రం దిగేటప్పుడు సమాంతరంగానే ఉండాలి. ఏటవాలుగా ఉంటే బరువంతా కింది పాదం మీద పడి, చక్రం ఒక్కసారిగా తిరిగి, మనిషి ఎటు పడతాడో చెప్పలేం. సీటు మీద కూర్చుని దిగడం గురించి చెప్పక్కర్లేదు, ఒకసారి చేసినవాళ్లు రెండోసారి చేయరు.

ఇంత కుదుపుని బండి తట్టుకోవాలి కదా. ఈ ఆట ఇప్పుడున్న స్థాయికి రావడానికి మనుషుల ధైర్యం ఎంత కారణమో హబ్‌ల గట్టితనమూ అంతే కారణం. అలాస్కాలోని సెవార్డ్‌లో జార్జ్ పెక్ 1980లలోనే కొండదారుల్లో, సముద్రం ఒడ్డున రాళ్ల మీద యూనిసైకిల్ తొక్కేవారు. కెనడాకి చెందిన క్రిస్ హోల్మ్ ఆ తర్వాత ట్రయల్స్ పద్ధతిని, అంటే బండల మీద నుంచి బండల మీదికి గెంతడాన్ని, ప్రపంచానికి చూపించారు. అప్పట్లో మామూలు యూనిసైకిళ్లకి ఉండే చతురస్రపు ఇరుసులు అలాంటి దెబ్బలకి వంగిపోయేవి, క్రాంకులు వదులై అరిగిపోయేవి. ఇరుసు చుట్టూ పళ్లు ఉండి, క్రాంకు వాటిలో బిగుసుకునే స్ప్లైన్ హబ్‌లు వచ్చాక కానీ మామూలు రైడర్లు నిశ్చింతగా గెంతలేకపోయారు. ఇప్పుడు కూడా చవకగా దొరికే, కూర్చుని తొక్కడానికి మాత్రమే చేసిన బండి మీద పెద్ద గెంతులు వేయకూడదు. చిన్న గెంతులు నేర్చుకోవడానికి పరవాలేదు కానీ, మెట్ల మీద నుంచి దూకడం మొదలుపెట్టే ముందు హబ్ ఏ రకమో చూసుకోవాలి.

క్రాంకు పొడవు కూడా మాటలాడాల్సిన విషయమే. పొడవైన క్రాంకులు, 150 నుంచి 165 మిల్లీమీటర్ల దాకా, చక్రం మీద పట్టు బాగా ఇస్తాయి, ఎక్కుడులోనూ ఆగడంలోనూ సాయపడతాయి. కానీ పాదాలు ఒకదానికొకటి దూరంగా పడి, గెంతేటప్పుడు ఒళ్లు కొంచెం మెలితిరుగుతుంది. ట్రయల్స్ బండ్లకి 140 చుట్టుపక్కల పెట్టేది అందుకే. రెండు పనులూ చేయాలనుకుంటే మధ్యలో ఏదో ఒకటి ఎంచుకుని దానికి అలవాటుపడటమే. ఇంకోటి, యూనిసైకిల్‌కి ముందూ వెనకా ఒకేలా కనిపించినా కుడి పెడల్, ఎడమ పెడల్ వేరు, వాటి మరలు వేర్వేరు దిశల్లో బిగుస్తాయి. చక్రం తిరగేసి బిగిస్తే తొక్కుతున్న కొద్దీ పెడల్ ఊడొస్తుంది, క్రాంకులో మర పాడవుతుంది. పెద్ద గెంతు మధ్యలో పెడల్ ఊడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

గెంతడం నేర్చుకునేవాళ్లకి ఎక్కువగా తగిలే దెబ్బ మోకాలి కింద, కాలి ముందు ఎముక మీద. జారకుండా ఉండటానికి పెడల్స్‌కి పిన్నులుంటాయి, పాదం జారితే అవే కాలిని గీరేస్తాయి. హెల్మెట్ ఎలాగూ పెట్టుకుంటారు, మోకాలి నుంచి చీలమండ దాకా కప్పే గార్డులు కూడా పెట్టుకోవాలి. నొప్పి ఒక్కటే కాదు కారణం. ఒకసారి గీరుకున్నాక కాళ్లు తెలియకుండానే బెదురుతాయి, గెంతు సగంలోనే పాదం పెడల్ వదిలేసి నేల వెతుక్కుంటుంది, ఆ బెదురు పోవడానికి గాయం మానడం కన్నా ఎక్కువ కాలం పడుతుంది. పడేటప్పుడు బండిని కాపాడాలని చూడకుండా పాదాల మీద దిగడం అలవాటు చేసుకోవాలి. చేతులు నేలకి ఆనించడం కూడా సహజంగా జరిగిపోతుంది కాబట్టి మణికట్టుకి గార్డులు ఉంటే మంచిది. బూట్లు అడుగు బల్లపరుపుగా, కాస్త గట్టిగా ఉండాలి. మెత్తటి రన్నింగ్ బూట్లలో పెడల్ పాదానికి గుచ్చుకుంటుంది.

అన్నీ వచ్చాక కూడా గెంతకూడని చోట్లు ఉంటాయి, ఇది తెలియక దారంతా గెంతుతూ పోయి అలసిపోయేవాళ్లు ఉన్నారు. దొర్లించుకుని దాటగలిగిన వేరుని గెంతి దాటడం దండగ. పెద్ద చక్రం చిన్న అడ్డాల మీద నుంచి సులువుగా దొర్లిపోతుంది, అదే అడ్డం చిన్న చక్రాన్ని ఆపేస్తుంది. పెడల్స్ సమాంతరంగా ఉన్నప్పుడు అడ్డాన్ని తాకితే తొక్కడానికి పూర్తి బలం దొరుకుతుంది, నిలువుగా ఉన్నప్పుడు తాకితే బండి ఆగి మనిషి ముందుకి పోతాడు. అంటే గెంతడానికి నేర్చుకున్న ఆ పెడల్ లెక్క దొర్లించడానికీ అంతే పనికొస్తుంది. దొర్లదనిపించినప్పుడు, ఆగి చూడాల్సినప్పుడు, దారి తప్పిన చక్రాన్ని తిరిగి గాడిలో పెట్టాల్సినప్పుడు గెంతాలి.

సాధన ఒకే రోజు గంటల తరబడి చేయడం కన్నా రోజూ కొంచెం చేయడం మేలు, ఎందుకంటే అలసిన కాళ్లు మొదట వదిలేసేది మోకాళ్లు వంచడాన్నే. దిగినప్పుడు టైరు చప్పుడు పెద్దదవుతోందంటే కాళ్లు కుదుపుని పీల్చుకోవట్లేదని అర్థం, ఆ రోజుకి అక్కడితో ఆపేయొచ్చు. ఆపే ముందు, ఓపిక కాస్త మిగిలుండగానే, అలవాటులేని పాదాన్ని ముందు పెట్టి ఓ పది చిన్న గెంతులు వేస్తే చాలు, రెండో వైపు కూడా మెల్లగా దారికొస్తుంది.